హెర్మ్స్ కట్టుకుందామనుకునే తమ్ముళ్ళకి

కొత్తగా అమెరికా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు, అన్నా ఇంట్లో బీరు చేసుకోవచ్చా, హెర్మ్స్ అంటున్నారు అదేంటి అని. చట్టం సంగతి ముందు చెప్పేస్తా. 21 నిండినవాళ్ళు సొంతానికి చేసుకోవచ్చు, ఒక్కళ్ళే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి 200, 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం అది. అమ్మకూడదు. సారా బట్టీ జోలికైతే అస్సలు పోకండి, అది వేరే కేసు.

ఇక హెర్మ్స్, అంటే బీరు రసాన్ని వేడినీళ్ళలోని కాయిల్ గుండా తిప్పుతూ వేడి నిలిపే ఏర్పాటు. నలగ్గొట్టిన బార్లీ మాల్ట్‌ని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వేడినీళ్ళలో 65-67 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే పిండి చక్కెరవుతుంది కదా, ఆ వేడి దిగకుండా చూడటమే తలనొప్పి. నేరుగా మంట పెడితే గంజి అడుగంటినట్టు అడుగంటుంది, మాడు వాసన బీరంతా పట్టేస్తుంది. అందుకని గింజల గిన్నె అడుగు నుంచి రసాన్ని పంపుతో లాగి, పక్క గిన్నెలో వేడినీళ్ళలో ముంచిన స్టీల్ కాయిల్ గుండా తిప్పి, మళ్ళీ గింజల మీదే పోస్తాం. కాయిల్ అర అంగుళంది 50 అడుగులు తీసుకోండి, పొట్టిది కొని మళ్ళీ మార్చుకోవడం దండగ.

నేను చేసిన పెద్ద తప్పు సెన్సర్ దగ్గర. నీళ్ళ గిన్నెలో పెట్టా. అక్కడ 67 చూపిస్తోంది, గింజల్లో చూస్తే 63, సరే అని నీళ్ళని 78కి లేపా, కాయిల్లోంచి వచ్చే రసం మరీ వేడెక్కి పిండిని చక్కెర చేయాల్సిన ఎంజైములే చచ్చాయి, ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలిపోయి చివరికొచ్చింది బీరు కాదు, పానకం. సెన్సర్ కాయిల్ బయటికొచ్చే చోట పెట్టండి, పీఐడీ కంట్రోలర్, అంటే వేడిని అదుపు చేసే పెట్టె, దాన్ని చూసే హీటర్ ఆడించాలి. నీళ్ళని కూడా కలుపుతూ ఉండాలి, లేకపోతే పైన వేడి, కింద చల్లన.

అపార్ట్‌మెంట్‌లో మామూలు ప్లగ్గుకి 1500 వాట్ల హీటరే పెట్టగలం, దాంతో 40 లీటర్లు ఒక్క డిగ్రీ ఎక్కడానికి దాదాపు రెండు నిమిషాలు, చివర్లో చక్కెర తయారయ్యాక ఎంజైముల పని ఆపడానికి 77కి లేపాలంటే ఓపిక పట్టాల్సిందే. నీళ్ళూ కరెంటూ ఒకేచోట కాబట్టి షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే, టెస్టు, రీసెట్ బటన్లున్న ప్లగ్గు తప్ప వేరేది వాడొద్దు.

పంపు గిన్నెకన్నా కింద ఉండాలి, తనంతట తను రసాన్ని పైకి లాక్కోలేదు. వాల్వ్ పంపు తర్వాత పెట్టి సగమే తెరవండి, ఆత్రపడి ఫుల్లుగా తిప్పితే గింజలు సిమెంటులా గట్టిపడి రసం దిగదు. గోధుమ ఎక్కువేస్తే కాస్త ఊక కలపండి. మన ఊళ్ళో మిల్లు వెనక కుప్పలు పోసే ఊకే, ఇక్కడ డాలర్లిచ్చి కొనాలి, ఏం చేస్తాం.

అయిపోగానే కాయిల్లోంచి వేడినీళ్ళు, క్లీనర్ తిప్పేయండి. లోపల ఏముందో కనపడదు, పొద్దున చూద్దాంలే అని పడుకుంటే గరాజంతా పులిసిన గంజి కంపు.