మొక్క సంగతి సరే, మీ వదిన సంగతేమిటి?

అమ్మానాన్నలు గుణుపురంలో, మీరు భువనేశ్వర్‌లో. అన్నయ్య బైక్ ప్రమాదంలో పోయి పదకొండు నెలలు. శ్రావణంలో సంవత్సరీకం. ఆ రోజు అన్నయ్య పేరు మీద పెరట్లో నాటడానికి మొక్కలు తీసుకెళ్దామనుకుంటున్నారు. 'వాళ్లకి నీళ్లు పోసే ఓపిక కూడా లేదు, పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి బతికేవి చెప్పండి, గన్నేరు పెట్టొచ్చా?' అని అడిగారు. మూడు పేజీల ఉత్తరంలో ఒక్కచోట మాత్రం ఇలా ఉంది: 'వదిన, బాబు పర్లాకిమిడిలో వాళ్ల పుట్టింట్లో ఉంటున్నారు. అమ్మ ఆమె ముఖం చూడలేనంటోంది.' బాబుకి నాలుగేళ్లు.

మొక్క సంగతి ముందు తేల్చేద్దాం. నందివర్ధనం పెట్టండి. కొమ్మ గుచ్చినా బతుకుతుంది, ఏడాది పొడవునా పూస్తుంది, పూజకి పనికొస్తుంది. నీళ్లు నిలవని చోట అడుగున్నర గుంత తీసి, మాగిన పేడ ఎరువు వేస్తే చాలు. వానాకాలం గనుక వేరూనుకుంటుంది. మొదటి ఎండాకాలం మాత్రం ఎవరో ఒకరు నీళ్లు పోయాల్సిందే. గన్నేరు వద్దు. ఎండకి తట్టుకుంటుంది, నిజమే. కానీ ఆకు నుంచి గింజ దాకా విషం. ఆ పెరట్లో నాలుగేళ్ల పిల్లాడు ఆడుకోవాలి.

అవునమ్మా, ఆడుకోవాలి. సంవత్సరీకం ఎవరి చేత పెట్టిస్తున్నారు? ఆ మాటే రాయలేదు. దర్భ పట్టాల్సిన చెయ్యి వాడిది. చిన్నవాడైతే ఇంటి పెద్దలెవరైనా వాడి తరఫున చేస్తారు, మీకు తెలియంది కాదు. వాణ్ని పిలవకుండా చేసే కార్యం నా మనసుకి ఎక్కదు.

మీ అమ్మగారిని తప్పు పట్టను. కడుపుకోత ఆమెది. కోడల్ని చూస్తే కొడుకు కళ్ల ముందు మెదులుతాడు. కానీ మీరు ఆ ఇంటి ఆడపడుచు. పదకొండు నెలల్లో వదినకి ఎన్నిసార్లు ఫోన్ చేశారు? మీరు గుణుపురం వెళ్లే రైలు పర్లాకిమిడి మీదుగానే వెళ్తుంది. ఆ స్టేషన్ కిటికీలోంచి చూసి కూడా దిగలేదు. అమ్మ బాధపడుతుందని ఊరుకున్నానంటారేమో. వదిన లెక్కలో మీరూ తలుపు వేసినవాళ్లే. భర్త పోయిన మనిషి అత్తింట్లో ఉండాలా, పుట్టింట్లో ఉండాలా అన్నది ఆమె ఇష్టం. రావొద్దనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

మా పిన్ని పెద్దకొడుకు పోయాక ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. వాకిట్లో పారిజాతం ఉండేది. తెల్లవారేసరికి రాలే పూల కోసం కింద పాత చీర పరిచేది పిన్ని. కోడలు పిల్లాడితో తిరిగొచ్చిన వారంలో వాడు ఆ పూల కాడలు నలిపి, గోళ్లన్నీ పసుపు చేసుకున్నాడు. పూజకి ఒక్క పువ్వు మిగల్చలేదని పిన్ని గట్టిగా కేకలేసింది. రెండేళ్లలో ఆమె గొంతు వీధిలోకి వినిపించడం అదే మొదలు. కాబట్టి రెండో మొక్క కావాలంటే పారిజాతం తీసుకోండి.

ఈసారి ఒకరోజు ముందే బయల్దేరి పర్లాకిమిడిలో దిగండి. మొక్కలు అక్కడే, వదినని వెంటబెట్టుకుని కొనండి. అన్నయ్యకి ఏ పువ్వు ఇష్టమో ఆమెకీ తెలుసు. ఆలస్యమైనందుకు క్షమాపణ అడగండి. రానంటే బలవంతపెట్టకండి, బాబుని పంపనన్నా కోపం తెచ్చుకోకండి. వస్తానంటే మాత్రం రాత్రే అమ్మకి ఫోన్ చేసి చెప్పండి. అమ్మ ఏడవాల్సిందేదో ఆ ఫోన్లోనే మీ దగ్గర ఏడవనివ్వండి. వదినకి గుమ్మం దగ్గర మాట పడకూడదు.