వనేడియం ఎక్కడ చేజారుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: భూమి పైపొరలో రాగి కంటే వనేడియమే ఎక్కువని చదివాను. మరి రాగి గనుల్లా వనేడియం గనుల పేర్లు ఎందుకు వినబడవు?

జవాబు: ఎక్కువన్న మాట నిజమే, కానీ అది ఒకచోట పోగుపడదు. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజంలో ఫెర్రిక్ ఇనుము ఉండాల్సిన చోట్లలోకి వనేడియం అయాన్ ఇట్టే దూరిపోతుంది. రెండిటి పరిమాణం దాదాపు ఒకటే కావడం దానికి కారణం. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్, చైనా సిచువాన్‌లోని పన్‌జిహువా, రష్యా యురల్స్‌లోని కచ్‌కనార్ ఈ రకం నిక్షేపాలే. బుష్‌వెల్డ్ ప్రధాన మాగ్నెటైట్ పొరలో వనేడియం పెంటాక్సైడ్ (V2O5) లెక్కన ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, కచ్‌కనార్‌లో అంతకంటే చాలా తక్కువ. బ్రెజిల్ బహియా రాష్ట్రంలోని మరకాస్‌లా ముఖ్యంగా వనేడియం కోసమే తవ్వే గనులు కొన్నే ఉన్నాయి.

మిగతాచోట్ల ముందు కరిగిన ఇనుము తీస్తారు. దానిలోకి ఆక్సిజన్ ఊది, వనేడియాన్ని లోహమలంలోకి (కరుగు మీద తేలే మడ్డి, స్లాగ్) రప్పిస్తారు. ఈ పనిలో కీలకం వేడి. కరుగు 1400 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆక్సిజన్ వనేడియాన్ని వదిలి కార్బన్‌ను పట్టుకుంటుంది. అందుకే మధ్యలో చల్లబరచడానికి ముడి ఖనిజమో, మిల్లు పొలుసో (ఉక్కు మీంచి రాలే ఆక్సైడ్ పెచ్చులు) వేస్తారు. ఉక్కు ఉత్పత్తి తగ్గితే ఈ లోహమలమూ తగ్గుతుంది. గిరాకీ ఎంత ఉన్నా సరఫరా వెంటనే పెరగకపోవడానికి మూలం ఇదే.

ప్రశ్న: మాగ్నెటైట్ గాఢతను (మలినాలు తీసిన ఖనిజపు పొడిని) సోడా యాష్‌తో భర్జనం చేసి (గాలిలో వేయించి) నీటితో లీచింగ్ చేస్తున్నాం (కరిగే భాగాన్ని నీటిలోకి దించుతున్నాం). వనేడియం 60 శాతం మించి రావడం లేదు. తప్పు ఎక్కడుంది?

జవాబు: వంటకం మార్చే ముందు మిగిలిన గసిని పరీక్షించండి. బాగా కడిగిన గసిలో కొంత తీసి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడిచేయండి. వనేడియం ద్రావణంలోకి దిగితే, అది నీటిలో కరగని కాల్షియం వనడేట్‌గా చిక్కుకుందని అనుమానించాలి. ఆమ్లానికీ లొంగకపోతే అది ఇంకా మాగ్నెటైట్ లోపలే ఉంది, అంటే భర్జనం పూర్తికాలేదు. రెండు జబ్బులకూ మందులు వేరు.

కాల్షియం అయితే భర్జనంలో సరిదిద్దడం కష్టం. ముందే నూరి, అయస్కాంత వేర్పాటు మళ్లీ చేసి, సున్నం ఉన్న ఖనిజాలను బయటికి పంపాలి. అదే దెబ్బతో సిలికా కూడా తగ్గుతుంది. సిలికా రెండు విధాల చేటు చేస్తుంది: సోడియాన్ని తినేస్తుంది, తక్కువ వేడికే కరిగే సిలికేట్ అయి రేణువులను అంటించేస్తుంది. పెద్ద తిరుగుడు కొలిమిలో గోడకు ఉంగరంలా పేరుకునేది ఎక్కువగా ఈ జిగురే. సోడా ఇంకా పోస్తే బాగుపడుతుందనుకుంటారు, కానీ సిలికా ఎక్కువున్నచోట అది జిగురును పెంచుతుంది.

భర్జనం పూర్తికాకపోతే మూడు చూడండి. మొదటిది నూరుడు: రేణువులు 100 మైక్రాన్ల లోపు ఉండాలి. రెండోది గాలి. మాగ్నెటైట్ హెమటైట్‌గా మారాలి, వనేడియం అయిదో వేలెన్సీకి చేరాలి. మఫిల్ కొలిమిలో లోతైన మూసలో నిండుగా పోస్తే అడుగు పొరకు ఆక్సిజన్ అందదు. పలుచగా పరచి, మధ్యమధ్య కలపండి. మూడోది వేడి. మాగ్నెటైట్ గాఢతకు 1100 నుంచి 1200 డిగ్రీలు కావాలి. లోహమలానికైతే 800 నుంచి 850 చాలు. పుస్తకంలో లోహమలానికి రాసిన అంకెను గాఢతకు వాడితే మీరు చెప్పిన ఫలితమే రావచ్చు.

లీచింగ్ వేడినీటితో చేయండి. ద్రావణం పసుపుగా ఉంటే సంబరపడవద్దు, క్రోమియం ఉన్న ఖనిజంలో ఆ రంగు సోడియం క్రోమేట్‌ది కావచ్చు. అది ఆరో వేలెన్సీ క్రోమియం, క్యాన్సర్ కారకం. వనేడియం తీశాక మిగిలిన ద్రవాన్ని అలాగే పారబోయకండి. ఆమ్లం కలిపి, ఫెర్రస్ సల్ఫేట్‌తో క్షయకరణం చేసి, సున్నంతో అవక్షేపించాలి.

ద్రావణంలోని సిలికాను అల్యూమినియం సల్ఫేట్‌తో దించి వడకట్టాకే అమ్మోనియం సల్ఫేట్ కలపండి. పీహెచ్ 8–9 దగ్గర, చల్లగా, అమ్మోనియం మోతాదు మించి ఉంటే తెల్లటి అమ్మోనియం మెటావనడేట్ దిగుతుంది. దాన్ని 500 డిగ్రీల పైన కాల్చేటప్పుడు గాలి బాగా ఆడాలి. లేకపోతే వెలువడే అమ్మోనియాయే పెంటాక్సైడ్‌ను క్షయకరించి నల్లబరుస్తుంది. పొడిని ఎత్తేటప్పుడు, జల్లించేటప్పుడు తగిన రెస్పిరేటర్ తప్పనిసరి. పెంటాక్సైడ్ ధూళి ఊపిరితిత్తులను మండిస్తుంది, నాలుక ఆకుపచ్చబడితే అది లోపలికి చేరిందనడానికి గుర్తు.

ప్రశ్న: కాంక్రీటు కడ్డీల ఉక్కులో 0.05 శాతం వనేడియం రావాలంటే టన్నుకు ఫెర్రోవనేడియం (ఇనుము, వనేడియం మిశ్రమం) ఎంత?

జవాబు: టన్నుకు కావలసిన లోహం అర కిలో. 80 శాతం రకం వాడి, 90 శాతం నిలుస్తుందనుకుంటే 0.5ను 0.8తోనూ 0.9తోనూ భాగించండి. దాదాపు 0.7 కిలో. సిలికాన్, అల్యూమినియంతో ఆక్సిజన్ తీసేశాకే లాడిల్‌లో (కరిగిన ఉక్కు పాత్రలో) వేయాలి. ముందే వేస్తే లోహమలంలోకి పోతుంది.

బలాన్నిచ్చేది ఉక్కు చల్లబడేటప్పుడు ఏర్పడే సన్నని నైట్రైడ్, కార్బైడ్ రేణువులు. నైట్రోజన్ తోడుంటే అవి మరింత సన్నగా, ఎక్కువగా వస్తాయి. ఆక్సిజన్ కన్వర్టర్ ఉక్కులో సాధారణంగా నైట్రోజన్ తక్కువ కాబట్టి నైట్రైడ్ చేసిన వనేడియం వాడితే అదే బలానికి లోహం తగ్గించుకోవచ్చు. టైటానియం మాత్రం కలపకండి, అది నైట్రోజన్‌ను ముందే ముతక నైట్రైడ్‌గా పట్టేస్తుంది. 2018 నవంబరులో చైనా కడ్డీల కొత్త ప్రమాణం అమల్లోకి వచ్చిన రోజుల్లో ధర బాగా ఎగబాకింది. అప్పుడు చాలామంది కొంత నియోబియం అనే మరో లోహం వైపు మళ్లారు. నియోబియం ఉక్కులో కరగడానికి కడ్డీ దిమ్మెను ఇంకా ఎక్కువ వేడిచేయాలన్నది గుర్తుంచుకోండి.

ప్రశ్న: భారీ ఇంధన నూనె వాడే బాయిలర్‌లో సూపర్‌హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగం) గొట్టాలు తరుగుతున్నాయి. వనేడియమే కారణమా?

జవాబు: కావచ్చు. నూనెలోని వనేడియం, సోడియం కలిసి 600 డిగ్రీల చుట్టుపక్కలే కరిగే బూడిదవుతాయి. ఆ కరుగు గొట్టానికి రక్షణగా ఉన్న ఆక్సైడ్ పొరను కరిగించేస్తుంది. మెగ్నీషియం సంకలనం వేస్తే 1000 డిగ్రీల పైన గానీ కరగని మెగ్నీషియం వనడేట్ ఏర్పడి, పొడిపొడిగా రాలుతుంది. గ్యాస్ టర్బైన్లలో బరువు లెక్కన వనేడియానికి మూడింతల మెగ్నీషియం వాడుక. అదనపు గాలిని కూడా తగ్గించండి, ఆక్సిజన్ తక్కువుంటే పెంటాక్సైడ్ తక్కువ తయారవుతుంది.

ప్రశ్న: వనేడియం ఫ్లో బ్యాటరీ నమూనా చేశాం. ధన ట్యాంకు అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. ఏం చేయాలి?

జవాబు: ఈ బ్యాటరీలో విద్యుత్తు ధన, రుణ ట్యాంకుల్లోని వనేడియం ద్రావణాల్లో నిల్వ ఉంటుంది. ఆ మడ్డి పెంటాక్సైడ్. అయిదో వేలెన్సీ వనేడియం 40 డిగ్రీల పైన నిలవదు, ముఖ్యంగా బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయి నిలిచి ఉన్నప్పుడు. లీటరుకు 1.6 మోల్ వనేడియం మించనీయకండి, వేసవిలో ట్యాంకును చల్లబరచండి, నిండా చార్జ్ చేసి వదలకండి. 10 డిగ్రీల కంటే చల్లబడితే రుణ ట్యాంకులో లవణాలు దిగే చిక్కు వేరే ఉంది. సిద్ధాంతపరంగా కిలోవాట్-అవర్‌కు 5.4 కిలోల పెంటాక్సైడ్ కావాలి, ఆచరణలో అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది.

మడ్డి తీశాక కూడా సామర్థ్యం తగ్గుతుంటే రెండు ట్యాంకుల ద్రవాలను పూర్తిగా కలిపి, మళ్లీ సగం సగం పంచండి. రెండు ద్రవాల మధ్య ఉన్న పొరగుండా ఇటు నుంచి అటు జారిన వనేడియం వల్ల వచ్చిన తేడా దీనితో సర్దుకుంటుంది. రుణ ట్యాంకులోకి గాలి చొరబడి రెండో వేలెన్సీ వనేడియం ఆక్సీకరణం చెందితే మాత్రం కలపడం చాలదు. కొద్దిగా ఆక్సాలిక్ ఆమ్లం వేసి సగటు వేలెన్సీని 3.5కి తేవాలి, ఆ తర్వాత ట్యాంకు పైన నైట్రోజన్ నింపి ఉంచాలి.