నిలా, సారా, ఉమ: పొట్టి పేర్లపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో ఇంటిపేర్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఇంటిపేర్లను వదిలిపెట్టి మనవళ్ల, మనవరాళ్ల పేర్ల మీదికి మళ్లాయి. చెన్నైలోని తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఉయ్యాలలో వేసి పిలుస్తున్న పేర్లు రెండక్షరాలు దాటడం లేదని, అవి ఏ భాషవో పెట్టినవారికే తెలియడం లేదని పెద్దలు వాపోయారు. పిల్లల తల్లిదండ్రులేమో తమ పేరుకు మంచి అర్థం ఉందని తేల్చి చెప్పమని కోరారు. వాటిలో కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను.

పెరంబూరు నుంచి ఒక అమ్మమ్మ: మా అమ్మాయి తమిళుల ఇంటి కోడలు. మనవరాలికి వియ్యాలవారు ‘నిలా’ అని పేరు పెట్టారు. నలుపు అనే అర్థం వచ్చే పేరు ఆడపిల్లకు ఎందుకని మా అక్కగారు తప్పుపడుతున్నారు. జనన ధ్రువీకరణ పత్రంలో ఇంగ్లిషు అక్షరాలలో చూస్తే ‘నీల’ అని కూడా చదువుకోవచ్చు. ఏది సరి?

మీ అక్కగారు అనుకుంటున్న పేరు వేరు, పాప పేరు వేరు. పాప పేరులో మొదటి అక్షరం హ్రస్వం, చివరిది దీర్ఘం. తమిళంలో నిలా, నిలవు అనే మాటలకు చంద్రుడు, వెన్నెల అని అర్థం. ఈ మాట మనకూ పరాయిది కాదు. ముప్ఫై రోజులను మనం నెల అంటున్నాం కదా, ఆ నెలకు పాత తెలుగులో చంద్రుడు అనే అర్థం కూడా ఉండేది. నెలవంకలోనూ, చంద్రుణ్ణి తలదాల్చిన శివుడికి కవులు పెట్టిన నెలతాల్పు అనే పేరులోనూ, తెల్లని నెల వెలుగైన వెన్నెలలోనూ ఆ అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది. తమిళ నిలా, తెలుగు నెల ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కాబట్టి వియ్యాలవారు తమ భాషలో పేరు పెడుతూనే, తెలియకుండా మీ భాషకూ అందులో వాటా ఇచ్చారు. తమిళ ‘నిలం’ అంటే భూమి. దానికి మన వైపు బంధువు ‘నేల’. నెల, నేలల మధ్య తెలుగులో ఉన్నంత దూరమే తమిళంలో నిలాకు, నిలానికి ఉంది.

‘నీల’ సంస్కృత శబ్దం. ముదురు నీలం నుంచి నలుపు దాకా ఆ మాట పరిధిలోకి వస్తాయి. నీలిమందును బట్టి ఆ మాట అరబ్బీలోకి, అక్కడి నుంచి ‘అనిల్’ రూపంలో పోర్చుగీసులోకి వెళ్లింది. రసాయనశాస్త్రంలోని ‘అనిలిన్’ పేరు దాని నుంచి వచ్చినదే. ఇవి రెండూ కాక, శ్రీదేవి, భూదేవులతో పాటు వైష్ణవులు కొలిచే నీళాదేవి ఉంది. ఆ పేరులో ఉన్నది ‘ళ’. తమిళ లిపిలోనూ మన లిపిలోనూ స్పష్టంగా వేరుగా ఉండే ఈ మూడు పేర్లూ ఇంగ్లిషు అక్షరాలలోకి వెళ్లగానే ఒకే నాలుగక్షరాల ముద్దగా మారిపోతాయి. పాప పుస్తకాల మొదటి పేజీ మీద పేరును తెలుగులోనూ తమిళంలోనూ రాయడం అలవాటు చేయండి. పోతే, నలుపు అర్థం వచ్చే పేరు కూడదనే పక్షంలో కృష్ణుడి పేరు ఎవరూ పెట్టుకోకూడదు. మీ అక్కగారితో ఆ మాట మీరే నెమ్మదిగా అనండి.

అంబత్తూరు నుంచి ఒక తండ్రి: పాపకు ‘సారా’ అని పెట్టాలని నా భార్య కోరిక. మా అమ్మది నెల్లూరు జిల్లా. ‘ఆ పేరు పెట్టి పిల్లను వీధిలో నిలబడి ఎలా పిలుస్తారురా’ అని ఆమె పట్టుబట్టి కూర్చుంది. ఆ పేరుకు మంచి అర్థమే ఉందని అంటారు, నిజమేనా?

నిజమే. హీబ్రూ భాషలో దానికి రాకుమారి, దొరసాని అని అర్థం. బైబిలులో అబ్రాహాము భార్య పేరు అది. అయితే మీ అమ్మగారి అభ్యంతరాన్ని చాదస్తమని తోసిపుచ్చలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు ఏ సరుకు మీద తిరగబడ్డారో, 1993 అక్టోబరులో ప్రభుత్వం దేనిని నిషేధించవలసి వచ్చిందో ఆ జిల్లా మనిషికి మరొకరు చెప్పనక్కరలేదు. తమిళంలో కూడా సారాయమంటే అదే కనుక చెన్నైలోనూ తప్పించుకునే దారి లేదు. తెలుగు బైబిలులో ఈ పేరు ‘శారా’ అని ఉంటుంది. మీరూ అలాగే రాయండి, అలాగే పలకండి. అత్తాకోడళ్లిద్దరికీ సమ్మతమయ్యే రూపం అదొక్కటే అని నాకు తోస్తోంది.

అన్నానగర్ నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థి: మా తరగతిలో కొత్తగా చేరిన అమ్మాయి పేరు అన్నా. అందరూ నవ్వుతున్నారు. అమ్మాయికి అన్న అని పేరేమిటి?

ఆ అమ్మాయి పేరుకు, నువ్వు ఉంటున్న పేటకు పెట్టిన పేరుకు ఏ సంబంధమూ లేదు. పేట పేరు 1967లో ముఖ్యమంత్రి అయిన అన్నాదురైని జనం ప్రేమగా పిలిచిన ‘అణ్ణా’. తమిళంలో అది ‘ణ’ ఒత్తుతో పలికే అన్నగారు. మనం ‘న’ ఒత్తుతో అన్న అంటాం. ఆ అమ్మాయి పేరు హీబ్రూలోని ‘హన్నా’ నుంచి గ్రీకు, లాటిన్‌ల మీదుగా ఐరోపా అంతటా వ్యాపించింది. దయ, అనుగ్రహం అని అర్థం. మన క్రైస్తవ కుటుంబాలలో వినబడే అన్నమ్మ అనే పేరు ఇదే. ఇదే ధాతువుకు దేవుడి పేరు చేర్చగా ‘దేవుడు దయ చూపాడు’ అనే అర్థంలో యోహాను అనే పేరు ఏర్పడింది. అదే రష్యాలో ఇవాన్, స్కాట్లండులో ఇయన్, ఐర్లండులో షాన్ అయింది. మీ బడిలో ఇయన్ అనే కుర్రవాడు ఎవరైనా ఉంటే, అతని పేరూ ఈ అమ్మాయి పేరూ ఒక ఇంటివే అన్నమాట.

ఇంకొక తమాషా చెబుతాను. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ పేరు తమిళుల చెవికి ‘కోఫీ అన్నయ్య’ లాగే వినిపిస్తుంది. ఆయన ఘనా దేశస్థుడు. అక్కడి ఆకాన్ ప్రజలలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉంది. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారం పుట్టిన ఆడపిల్ల అమా. అన్నన్ అంటే నాలుగో సంతానం.

పాత మహాబలిపురం రోడ్డులోని ఒక కంపెనీ ఉద్యోగి: మా బృందంలో సెర్బియా నుంచి మిరా అనే ఆమె, ఐర్లండు నుంచి తారా అనే ఆమె పనిచేస్తున్నారు. ఈ రెండు పేర్లూ సంస్కృతం నుంచే అక్కడికి వెళ్లాయని మా మేనేజరు గట్టిగా చెబుతాడు. ఔనంటారా?

కాదంటాను. స్లావు భాషలలో ‘మిర్’ అంటే శాంతి, లోకం. సెర్బియా ఆమె పేరు దానికి సంబంధించినది. లాటిన్‌లో ‘మిరా’ అంటే ఆశ్చర్యం గొలిపేది. 1596లో ఫాబ్రిషియస్ గమనించిన, దాదాపు పదకొండు నెలలకొకసారి వెలిగి మళ్లీ కంటికి ఆనకుండా పోయే ఒక నక్షత్రానికి 1662లో హెవెలియస్ ఆ పేరు ఖాయం చేశాడు. రాజస్థాన్ భక్తురాలు మీరా పేరుతో వీటికి చుట్టరికం కలపడానికి ఆధారం లేదు. ఇక ఐర్లండు తారా ఒక కొండ పేరు. మీత్ ప్రాంతంలో పూర్వం అక్కడి రాజాధిరాజులకు పీఠమైన ఆ కొండను ఐరిష్ భాషలో వేరే విధంగా పలుకుతారు. ఇంగ్లిషు నాలుక దాన్ని తారా చేసింది.

పొట్టి పేర్లతో వచ్చే చిక్కే ఇది. రెండు హల్లులు, రెండు అచ్చులు మాత్రమే ఉన్న మాట ప్రపంచంలోని ఏ మూలనైనా, ఎవరితోనూ ప్రమేయం లేకుండా పుట్టగలదు. ‘వెంకటసుబ్బయ్య’ మరొక ఖండంలో తనంతట తాను పుట్టదు. కనుక పోలిక ఎంత చిన్నదైతే అనుమానం అంత పెద్దదిగా ఉండాలి. నిజమైన బంధుత్వం తరచుగా పోలిక కనిపించని చోట దాగి ఉంటుంది. మన తారకు అసలు చుట్టాలు ఇంగ్లిషు ‘స్టార్’, పారసీక ‘సితారా’, గ్రీకు ‘ఆస్టెర్’. మన మాటలో లోపించిన సకారం ఋగ్వేదంలో నక్షత్రాలతో అనే అర్థం గల ‘స్తృభిః’ అనే రూపంలో పదిలంగా ఉంది. మీ మేనేజరుగారికి ఈ ముక్క చెబితే సంతోషిస్తారు. సంస్కృతానికి పరువు దక్కుతుంది, ఆ ఇద్దరు అమ్మాయిల పేర్లూ వారికే మిగులుతాయి.

వేళచ్చేరి నుంచి: మా కోడలి పేరు ఉమ. అబ్బాయితో జపాన్ వెళుతోంది. అక్కడ ఆ పేరుకు అర్థం ఉందా?

ఉంది. గుర్రం. మన వైపు, తపస్సుకు వెళ్లబోతున్న కూతుర్ని తల్లి ‘ఉ! మా!’, అంటే ‘అమ్మా, వద్దు’ అని వారించడం వల్ల పార్వతికి ఆ పేరు వచ్చిందని కాళిదాసు కుమారసంభవంలో చమత్కరించాడు. జపాన్ స్నేహితులు నవ్వితే మీ కోడలు ఈ కథ చెప్పవచ్చు.

మైలాపూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: ఈ రెండక్షరాల పేర్లు మన సంప్రదాయం కావు, ఫ్యాషన్ మాత్రమే. మీరు వీటిని ఖండించరెందుకు?

ఖండించడానికి మన శాస్త్రమే అడ్డం వస్తోంది. మగపిల్లవాడికి రెండు లేదా నాలుగు అక్షరాల పేరు పెట్టాలని పారస్కర గృహ్యసూత్రం చెప్పింది. పతంజలి మహాభాష్యం ఆరంభంలోనే వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ ఇటువంటి నియమాన్నే ఉదాహరించాడు. ఆడపిల్లకు బేసి సంఖ్యలో అక్షరాలుండాలని ఆ గృహ్యసూత్రమే అంటుంది. ఆ లెక్కన సీత, ఉమ, రమ ముగ్గురూ నియమం తప్పినవారే, అయినా వారిని ఎవరూ పేరు మార్చుకోమనలేదు. తెలుగులో నన్నయ, తిక్కన, పోతన ఏమంత పొడుగు పేర్లు? వెనకనున్న అయ్య, అన్న తీసివేస్తే అసలు పేరు ఇంకా చిన్నది. మొల్ల అయితే ఒక్క పువ్వు.

నాకు అభ్యంతరమల్లా పొట్టితనం మీద కాదు, కల్పించిన అర్థాల మీద. ‘రియాన్ష్’ అంటే విష్ణువు అంశ అని కొత్త తల్లిదండ్రులు నమ్మకంగా చెబుతున్నారు. విష్ణు సహస్రనామాలలో ‘రియ’ అనే నామం ఎక్కడా లేదు. వినడానికి బాగుందని పెట్టుకుంటే నేనేమీ అనను. లేని అర్థాన్ని మాత్రం అంటగట్టకండి.

బెసెంట్ నగర్ నుంచి: ఒకే అక్షరంతో పేరు ఉంటుందా?

బర్మా స్వతంత్రమయ్యాక తొలి ప్రధాని అయిన ఊ నూ పేరు అటువంటిది. ముందున్న ‘ఊ’ మన ‘గారు’ వంటి గౌరవపదం. అసలు పేరు ‘నూ’, మెత్తనిది అని అర్థం. మన దగ్గర అంతకంటే పాత ఉదాహరణ ఉంది. ఋగ్వేదం పదో మండలంలోని హిరణ్యగర్భ సూక్తంలో తొమ్మిది మంత్రాలు ‘ఏ దేవుడికి హవిస్సు అర్పించాలి’ అనే ప్రశ్నతో ముగుస్తాయి. ఎవరు అని అడిగే ఆ ‘క’ శబ్దమే తరవాత ప్రజాపతికి పేరైపోయింది. ఐతరేయ బ్రాహ్మణం దానికొక కథ కూడా చెప్పింది. వృత్రుణ్ణి చంపి వచ్చిన ఇంద్రుడు ప్రజాపతితో, నీ గొప్పతనం నాకు కావాలన్నాడట. అది నీకిచ్చేస్తే నేనెవరినని ప్రజాపతి అడిగాడు. ఇప్పుడు నువ్వన్నావే, అదే నువ్వు, అన్నాడు ఇంద్రుడు.