బెస్సీ స్మిత్ ‘సెయింట్ లూయిస్ బ్లూస్’లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎక్కడ?

బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాడిన ఈ పాటలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా) కోసం వెతుకుతున్నారు. మీ ఫైల్లో కార్నెట్ వెనక్కిపోయి బృందగానం వినిపిస్తోందన్నారు కదండీ, అది 1929 నాటి పొట్టి సినిమా సౌండ్‌ట్రాక్. అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ లేడు. మీక్కావాల్సింది 1925 జనవరి 14న న్యూయార్క్‌లో చేసిన కొలంబియా రికార్డు, నంబరు 14064-డి. వెనకవైపు ‘కోల్డ్ ఇన్ హ్యాండ్ బ్లూస్’ ఉంటుంది.

గుర్తుపట్టడం తేలికే. డ్రమ్స్ లేవు, పియానో కూడా లేదు. ఫ్రెడ్ లాంగ్‌షా హార్మోనియం సాగదీస్తుంటే, బెస్సీ ఒక్కో పాదం ముగించగానే కార్నెట్ జవాబిస్తుంది. మైకు రాకముందు, పెద్ద గరాటాలోకి పాడి చేసిన రికార్డింగ్ కాబట్టి కింది స్వరాలు పలచగానే ఉంటాయి. బాస్ పెంచితే గరగర తప్ప ఇంకేం రాదు.

బ్యాండుతో కావాలంటే ‘మా’ రైనీ (Ma Rainey) అనే గాయని 1924లో పాడిన ‘సీ సీ రైడర్’ వినండి, అక్కడా కార్నెట్ ఆర్మ్‌స్ట్రాంగ్‌దే.