అనూలో పని చేసేవాళ్లు విండోస్ వదలొద్దు

అన్నా, కావలిలో డీటీపీ షాపు, షాపులో ఒకటి, ఇంట్లో ఒకటి పాత విండోస్ 10 కంప్యూటర్లు, రెంటికీ విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లైనక్స్ వేసేయనా అని అడిగారు. షాపులో దానికి మాత్రం వద్దు.

పెళ్లికార్డులు, కరపత్రాలు తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అనూలో కొట్టి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పెడుతున్నానన్నారు కదా. మీరు వాడే ఆ రెండూ విండోస్‌లో నడిచేవే. లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ పెట్టి ఎలాగో తెరవొచ్చు గానీ, అనూ ఫాంట్లు అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతివి కావు. ఫాంట్ సరిగ్గా అందకపోతే పెళ్లికొడుకు పేరున్న చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ముహూర్తాల సీజన్లో ఆ టెన్షన్ మీకెందుకు?

అలాగని విండోస్ 10తోనే ఉండిపోకండి. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు రోజంతా గుచ్చే కంప్యూటర్‌కి అది మంచిది కాదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ నుంచి తీసుకుంటుంది. స్టార్ట్‌లో ‘టీపీఎం డాట్ ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిష్‌లో కొడితే వెర్షన్ కనిపిస్తుంది. అవి లేకపోతే మీ డబ్బు ఈ షాపు కంప్యూటర్ మార్చడానికే పెట్టండి.

ఇంట్లో పాప చదువుకునే దానికి లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ హాయిగా సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. 4 జీబీ ర్యామ్ అన్నారు కాబట్టి అందులో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. పైథాన్, సీ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడానికి ఇంకా సులువు. ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ చూడండి, ప్రింటర్‌లో ఒక పేజీ తీయండి. అవన్నీ పనిచేశాక, ఫొటోలూ ఫైళ్లూ వేరే చోట దాచుకుని అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి.