ఆ నది ఒడ్డు సన్నివేశం తీసెయ్యి

తమ్ముడూ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. శాంగమన్ నది ఒడ్డున కుర్రవాడైన అబ్రహాం లింకన్, అతను ప్రేమించాడని చెప్పుకునే ఆన్ రట్లెడ్జ్ మాట్లాడుకునే సన్నివేశం బాగా రాశావు. దాన్ని తీసెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం.

వాళ్లేం మాట్లాడుకున్నారో విన్నవాళ్లు లేరు. ఆమె గురించి లింకన్ తన చేత్తో రాసిన వాక్యం ఒక్కటీ దొరకలేదు. 1835 ఆగస్టు 25న, 22 ఏళ్లకే ఆమె జ్వరంతో పోయింది. 1865లో లింకన్ హత్య తర్వాత అతని లా పార్ట్‌నర్ విలియం హెర్న్‌డన్ వాళ్లిద్దరూ ఉన్న న్యూ సేలం ఊరి పాతవాళ్లను అడిగి జ్ఞాపకాలు పోగేశాడు. మన చేతిలో ఉన్నది చాలావరకు అదే, ముప్పై ఏళ్లు నానిన జ్ఞాపకం. మరుసటి ఏడు నవంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉపన్యాసమిచ్చి ఈ ప్రేమకథను లోకానికి చెప్పాడు. అప్పటికి మేరీ లింకన్ భర్తను పోగొట్టుకుని ఏడాదిన్నర. ఆమెకీ హెర్న్‌డన్‌కీ ముందు నుంచీ పడదు. చెప్పేవాడి మనసులో ఏముందో నీ కథ ఒక్కసారైనా అడగలేదు.

ఎలిజబెత్ ఏబెల్ అనే ఆవిడ హెర్న్‌డన్‌కు రాసిన జవాబు మళ్లీ చదువు. వాళ్లిద్దరి ప్రేమ సంగతి తాను పెద్దగా చెప్పలేనంది. కానీ ఆన్ పోయినప్పుడు లింకన్ తమ ఇంట్లోనే ఉన్నాడనీ, అంతగా దుఃఖపడిన మనిషిని తాను చూడలేదనీ రాసింది. ఒకరోజు వాన పడుతుంటే, ఆ వాన ఆమె సమాధి మీద పడుతోందన్న తలపే భరించలేకపోతున్నానన్నాడట. చూశావా, తనకు తెలియనిది తెలియదని చెప్పింది, కళ్లారా చూసింది మాత్రం దాచలేదు. అలాంటి సాక్షిని నమ్మబుద్ధేస్తుంది నాకు. నువ్వు ఆమెను ఒక్క లైనులో దాటేశావు!

ఖాళీని మనమే నింపేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. 1928లో అట్లాంటిక్ మంత్లీ పత్రిక వాళ్లిద్దరి ప్రేమలేఖలంటూ కొన్ని అచ్చువేసింది. అన్నీ దొంగవే. లింకన్ రాసినట్టున్న ఒక ఉత్తరంలో 'సెక్షన్ 40' అనే నేల ప్రస్తావన ఉంది. అమెరికా సర్వే లెక్కలో టౌన్‌షిప్ అనే పెద్ద చదరానికి సెక్షన్లు అనే ముక్కలు 36 మాత్రమే. ఆ రోజుల్లో లింకన్ సర్వేయర్. గొలుసు పట్టి నేల కొలిచినవాడు లేని నంబరు రాస్తాడా? కల్పించినవాళ్లకు ప్రేమ మాటలు బాగానే వచ్చాయి, అతని పనే తెలియలేదు.

చరిత్రకారుల వాదన జోలికి కథలో ఎక్కువ పోకు. 1945లో రాండల్ ఈ ప్రేమకు ఆధారాలు చాలవన్నాడు, 1990 ప్రాంతంలో మరికొందరు ఆ సాక్ష్యాలను అంత తేలిగ్గా కొట్టెయ్యలేమన్నారు. అది తెలిస్తే చాలు.

నీకు కావలసిన టెన్షన్ వేరేచోట ఉంది. ఆన్‌కు అప్పటికే జాన్ మెక్‌నమార్‌తో పెళ్లి నిశ్చయమైంది. అతను న్యూ సేలంలో వేరే పేరుతో బతికి, అసలు పేరు ఆమెకు చెప్పి, తూర్పున ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్లాడు. ఆమె పోయాకే తిరిగొచ్చాడు. ఆ ఎదురుచూపుల్లో ఆమె ఎవరికి మాటిచ్చిందో, ఎవరికి ఇవ్వలేకపోయిందో తేల్చకుండానే రాయి. నీకు ఆ ఓపిక ఉంది, నాకు తెలుసు.

ముందు ఏబెల్ గారింట్లో వాన పడ్డ రోజు రాయి. ఆవిడ కళ్లతోనే చూడు, ఆవిడ వినని మాట ఒక్కటీ పెట్టకు. రాశాక ఆ పేజీ ఒక్కటే పంపు, చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
నీ అన్న