సర్జాపుర దగ్గర 11బి సైట్: టోకెన్ ఇచ్చే ముందు ఏ కాగితం చూడాలి?

అడిగిన విషయం క్లుప్తంగా: బెంగళూరు మారతహళ్ళిలో అద్దెకుంటున్న కుటుంబం. సర్జాపుర, అత్తిబెలె మధ్య గ్రామ పంచాయితీ లేఔట్‌లో 30x40 సైట్ చూశారు. ఏజెంటు చూపించినవి మూడు: 11బి (పంచాయితీ ఇచ్చే ఆస్తి కాగితం), 15 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పన్ను రశీదు. "రిజిస్ట్రేషన్ అవుతుంది, ఈ-ఖాతా ఉంది, కన్వర్షన్ తర్వాత దానంతటదే వస్తుంది" అంటున్నాడు. 2 లక్షల టోకెన్ ఇవ్వొచ్చా?

ఇప్పుడే ఇవ్వకండి. ఆ మూడు కాగితాల్లో ఒక్కటీ భూమి సంగతి పూర్తిగా చెప్పదు. 11బి అంటే ఆ ఆస్తి పంచాయితీ పన్ను లెక్కలో ఉందని. రశీదు అంటే ఎవరో పన్ను కట్టారని. ఈసీ అంటే అడిగిన కాలంలో రిజిస్టరైన లావాదేవీలివీ అని. రిజిస్ట్రేషన్ అవుతుందన్నది నిజమే కావచ్చు, కానీ సబ్‌రిజిస్ట్రార్ పత్రాన్ని నమోదు చేస్తారు తప్ప అమ్మేవాడికి హక్కుందని పూచీ ఇవ్వరు. మీరు చూడాల్సింది సైట్ నంబర్ కాదు, ఆ సైట్ ఏ సర్వే నంబర్లోంచి పుట్టిందో అది. అక్కడ మొదలుపెట్టి కిందికి రండి: భూమి, కన్వర్షన్ (సాగు భూమిని ఇళ్లకు వాడుకునే అనుమతి), లేఔట్ ఆమోదం, ఆఖర్న ఖాతా (పన్ను రికార్డులో ఆస్తి నమోదు). ఎక్కడ తెగితే అక్కడే ఆగిపోండి, ఆ తర్వాతి కాగితాలకు లాయర్ ఫీజు దండగ.

ముందు సర్వే నంబర్, హిస్సా నంబర్ (ఆ సర్వే నంబర్లో ఏ ముక్కో చెప్పేది) అడగండి. చెప్పడానికి నాన్చుతున్నాడంటే అక్కడితో వదిలేయొచ్చు. నంబర్ దొరికితే కర్ణాటక రెవెన్యూ శాఖ 'భూమి' పోర్టల్‌లో ఆర్‌టీసీ తీయండి, అదే పహణీ. కన్నడంలో ఉంటుంది, భయం అక్కర్లేదు. తెలుగు చదివేవాళ్లకు ఆ లిపి కాసేపట్లో పట్టుబడుతుంది. అందులో నాలుగు గడులు నిదానంగా చదవాలి.

3వ కాలమ్: విస్తీర్ణం, అందులో ఖరాబు. ఏ-ఖరాబు సాగుకు పనికిరాని నేల, అది పట్టాదారు హద్దుల్లోదే. బి-ఖరాబు దారి, కాలువ, కుంట లాంటి ఉమ్మడి అవసరాలకు వదిలింది, దాన్ని ఎవరూ అమ్మలేరు. ఇక్కడ లెక్క ఎలా తప్పుతుందో చూడండి. ఇక్కడి గుంట అంటే 1,089 చదరపు అడుగులు, మన లెక్కలో 121 గజాలు, రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 గుంటలు. మొత్తం 2 ఎకరాల 10 గుంటల్లో బి-ఖరాబు 6 గుంటలు ఉందనుకోండి. ఆ 6 గుంటలే 6,534 చదరపు అడుగులు, అంటే ఐదు 30x40 సైట్లకు పైనే. లేఔట్ వేసినవాడు మొత్తం 90 గుంటలూ కోసి అమ్మితే, కాలువ మీద పడ్డ ఆ ఐదు సైట్లు కొన్నవాళ్లకు ఇంటి గోడ మీద కూల్చివేత ఎర్ర గుర్తు పడేదాకా విషయం తెలియదు.

అదే లెక్కతో ఇంకో పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. మిగిలిన 84 గుంటలు 91,476 చదరపు అడుగులు. పద్ధతిగా వేసిన లేఔట్‌లో పార్కుకు 10 శాతం, సీఏ (పౌర సౌకర్యాల) స్థలానికి 5 శాతం పోయి, రోడ్లు కూడా తీసేస్తే సైట్లకు మిగిలేది సగం నుంచి 55 శాతం. అంటే 38 నుంచి 42 సైట్లు. బ్రోషర్‌లో 60 సైట్లు కనిపిస్తే పార్కు అయినా లేదు, రోడ్డు అయినా 30 అడుగులు లేదు, చాలాచోట్ల రెండూ ఉండవు.

9వ కాలమ్‌లో యజమానుల పేర్లు, 10లో ఆ భూమి వాళ్లకు ఎలా వచ్చిందో మ్యుటేషన్ నంబర్‌తో సహా ఉంటుంది. ఆ ఎంఆర్ (మ్యుటేషన్ రిజిస్టర్, అంటే పేరు మార్పుల రికార్డు) నకళ్లు వెనక్కి వెనక్కి తీయించాలి. ఎక్కడైనా సర్కారు మంజూరు, దర్ఖాస్తు, సాగువళి చీటీ (సర్కారు భూమి ఇచ్చినట్టు పత్రం) అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగండి. ఎస్సీ, ఎస్టీలకు మంజూరైన భూమి అయితే 1978 నాటి పీటీసీఎల్ చట్టం కింద ప్రభుత్వ ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. ఇన్నేళ్లయింది కదా అని ధీమాగా ఉండటానికి లేదు, 2023 సవరణ తర్వాత వాపసు దరఖాస్తుకు కాలపరిమితి అడ్డు రాదు. చేతులు ఎన్ని మారినా ఆ లోపం భూమితోనే వస్తుంది. తహసీల్దారు నుంచి పీటీసీఎల్ వర్తించదన్న ఎండార్స్‌మెంటు (ధ్రువీకరణ) రాతపూర్వకంగా ఉండాలి, మాట మీద కాదు.

పౌతి ఖాతా (చనిపోయినవాళ్ల నుంచి వారసుల పేరుకు మార్పు), భాగ పంపిణీ కనిపిస్తే వంశవృక్షం అడగండి. ఇందులో పేర్లు చెప్పేటప్పుడు కొడుకులే వినిపిస్తారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ కూతుళ్లకు పుట్టుకతోనే సమాన వాటా ఇచ్చింది, అప్పటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే దాన్ని ఈ సవరణ కదపదు. లేకపోతే పెళ్లై వెళ్లిపోయిన ఆడబిడ్డలు కూడా సంతకం పెట్టాలి, లేదా వాళ్ల హక్కు విడుదల పత్రం రిజిస్టరై ఉండాలి. ఈ ప్రాంతంలో భూమి ధర పెరిగాక కోర్టుకెక్కే కేసుల్లో ఇది పదే పదే కనిపిస్తుంది. పైగా సర్జాపుర, వర్తూరు వైపు పాత భూస్వాములు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మనవాళ్లే కదా అని ఆడపడుచుల సంగతి అడగడానికి మొహమాటపడకండి.

11వ కాలమ్ ఋణాలు, ఇతర హక్కులు. బ్యాంకు అప్పు, కోర్టు స్టే, భూసేకరణ అన్నీ ఇక్కడే కనిపించాలి. కేఐఏడీబీ (పరిశ్రమలకు భూమి సేకరించే కర్ణాటక ప్రభుత్వ బోర్డు) 28(1) నోటిఫికేషన్ అంటే సేకరించాలని తొలి ప్రకటన, 28(4) అంటే తుది ప్రకటన. మీరు చూస్తున్న దారిలోనే ఎస్‌టీఆర్‌ఆర్ (శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు) కూడా పోతుంది కాబట్టి సర్వే నంబర్ ఆ సేకరణ జాబితాలో లేదని విడిగా సరిచూసుకోండి.

ఇక ఈసీ. 15 ఏళ్లు చాలదు, కనీసం 30 ఏళ్లకు తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దొరికేది 2004 నుంచి, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. ఊరు అప్పట్లో వేరే ఆఫీసు కింద ఉంటే అక్కడా అడగాలి. చాలామంది పొరపడేది ఇంకొకటుంది. సైట్ నంబర్‌తో వెతికితే సైట్ పుట్టిన తర్వాతివే వస్తాయి, సర్వే నంబర్‌తో వెతికితే భూమి మీదవి వస్తాయి. రెండు రకాలుగానూ తీసి పక్కపక్కన పెట్టండి. ఫారం 16 వస్తే లావాదేవీలేవీ లేవని, 15 వస్తే జాబితా ఉందని అర్థం. చేతులు మారిన సైట్‌కు ఫారం 16 వచ్చిందంటే వెతికిన వివరాలే తప్పు. లింకు డాక్యుమెంట్లను ఇక్కడ మదర్ డీడ్ అంటారు. వాటిలో ఎక్కడైనా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారితే, జీపీఏతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి గుర్తుంచుకోండి.

"కన్వర్షన్ దానంతటదే వస్తుంది" అన్న మాట దగ్గరికి వద్దాం. రాదు. 1964 భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద డీసీ (డిప్యూటీ కమిషనర్, మన కలెక్టరు) ఇచ్చే ఆర్డరు అది, భూమి యజమాని తన విస్తీర్ణానికి అడిగి తెచ్చుకోవాలి. ముక్కలుగా అమ్మేశాక మధ్యలో ఒక్క 1,200 చదరపు అడుగులకు మీరు పోయి అడిగితే పని జరగదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ నేల వ్యవసాయ జోన్ అయితే అసలు ప్రశ్నే లేదు. కన్వర్షన్ ఉన్నా అది లేఔట్ ఆమోదం కాదు. ఆమోదం ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ ఇవ్వాలి, రోడ్లు, పార్కు వదిలిపెడుతూ రిలింక్విష్‌మెంట్ డీడ్ ఉండాలి, మీ సైట్ నంబర్ రిలీజ్ ఆర్డరులో (అమ్మకానికి అథారిటీ విడుదల చేసిన జాబితాలో) ఉండాలి. సైట్లు పనులు పూర్తయ్యే కొద్దీ దశలవారీగా రిలీజవుతాయి, అందుకే మొదటి ఆర్డరులో పక్క సైట్ ఉండి మీది లేకపోవచ్చు. ఇవన్నీ సరిగా ఉన్న సైట్‌కు పంచాయితీ ఫారం 9, 11ఏ ఇస్తుంది. మీకు చూపించింది 11బి. అంటే ఈ గొలుసు ఎక్కడో తెగిందని పంచాయితీ కాగితమే చెబుతోంది.

దీని దెబ్బ ఇల్లు కట్టేటప్పుడు తగులుతుంది. ఆమోదం లేని లేఔట్‌లో ప్లాన్ శాంక్షన్ కష్టం, ప్లాన్ లేనిదే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేదు. ఓసీ లేని కట్టడాలకు కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని 2024 డిసెంబర్ 17 నాటి తీర్పులో సుప్రీంకోర్టు అంది.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కూడా చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌కు అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు.

స్థలం దగ్గరికి పోయినప్పుడు ఫోన్‌లో దిశాంక్ యాప్ (కర్ణాటక భూ సర్వే పటాలది) తెరిచి సైట్ మధ్యలో నిలబడండి. మీరు నిలబడ్డ సర్వే నంబర్ చూపిస్తుంది. ఏజెంటు చెప్పిన నంబర్, యాప్ చూపిన నంబర్ ఒకటేనా చూడండి. పక్కన కాలువ గీత కనిపిస్తే గ్రామ పటం తీయించి సర్వేయరుతో కొలిపించాలి, యాప్ గీత కొన్ని అడుగులు అటూ ఇటూ ఉంటుంది. బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) 2015 మాస్టర్ ప్లాన్‌లో రాజకాలువకు (వాన నీటి పెద్ద కాలువకు) స్థాయిని బట్టి 50, 25, 15 మీటర్ల బఫర్, అంటే కట్టకూడని మేర, పెట్టారు. మీది ఆనేకల్ అథారిటీ పరిధి కాబట్టి అక్కడి ప్లాన్‌లో ఏముందో అదే చూడాలి. టేపుతో రోడ్డు వెడల్పు కొలవండి. చుట్టుపక్కల ఇళ్లలో బోరు ఎన్ని అడుగులు, ఏప్రిల్‌లో నీళ్లున్నాయా అని ఆడవాళ్లను అడగండి, సరైన జవాబు అక్కడ దొరుకుతుంది. "కావేరి నీళ్లు వస్తాయి" అంటే నమ్మొద్దు. 2024 అక్టోబర్‌లో మొదలైన ఐదో దశ 775 ఎంఎల్‌డీ (రోజుకు 77.5 కోట్ల లీటర్లు) నీళ్లు 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం, పంచాయితీలోని ఈ లేఔట్ కోసం కాదు.

ఖర్చు లెక్క: స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి, రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం. మొత్తం 7.6 శాతం పైచిలుకు, గైడెన్స్ విలువ (ప్రభుత్వం కట్టిన కనీస విలువ), కొన్న ధర రెండిట్లో ఎక్కువదాని మీద. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టి కట్టాల్సింది మీరే.

అయినా సైట్ వదలబుద్ధి కాకపోతే, టోకెన్ 25 వేలు దాటనివ్వకండి, చెక్కుతో ఇవ్వండి. రాతలో ఇవి ఉండాలి: సర్వే నంబర్, హిస్సా, కన్వర్షన్ ఆర్డరు, లేఔట్ ఆమోదం, రిలీజ్ ఆర్డరు, పీటీసీఎల్ ఎండార్స్‌మెంటు 30 రోజుల్లో ఇవ్వకపోతే మొత్తం వాపసు. దీనికి సంతకం పెట్టనన్నవాడి దగ్గర ఆ కాగితాలు లేవు. ఈలోగా ఆ 11బి నకలు పట్టుకుని మీ జీతం పడే బ్యాంకులో సైట్ లోన్ అడిగి చూడండి. వాళ్ల ప్యానెల్ లాయరు ఏం తక్కువైందని రాసిచ్చాడో ఇక్కడ పెడితే, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.